గాలి లెక్క తేలాకే ఇంధనం

టర్బో కారుకు పెద్ద ఇంజెక్టర్లు బిగిస్తే శక్తి పెరుగుతుందన్నది సగం నిజమే. మిగతా సగం తెలియకపోతే కరిగేది పిస్టన్

జంషెడ్‌పూర్ అనగానే ఎవరికైనా ఉక్కు గుర్తొస్తుంది. కానీ ఆ ఊరు ఇంజిన్ల ఊరు కూడా. రైలు ఇంజిన్ల తయారీ కోసం 1945లో పుట్టిన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీలోకి దిగింది. 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది. అంతకు పదేళ్ల ముందే, 1993లో, అమెరికా సంస్థ కమిన్స్‌తో కలిసి అదే ఊళ్లో టాటా కమిన్స్‌ను నెలకొల్పింది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకుని తరాలుగా స్థిరపడిన తెలుగువారికి కూడా టెల్కో అనేది పొరుగింటి పేరులాంటిదే.

టాటా కమిన్స్ తయారుచేసిన ఇంజిన్లలో ప్రసిద్ధమైనది 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల బి సిరీస్ టర్బో డీజిల్. మన రోడ్ల మీద లారీలను లాగిన ఈ ఇంజిన్‌కు అమెరికాలో మరో జీవితం ఉంది. అదే కుటుంబానికి చెందిన ఇంజిన్‌ను 1989 మోడల్ నుంచి డాడ్జ్ పికప్ వాహనాల్లో అమర్చారు. మొదట్లో దాని శక్తి 160 హార్స్‌పవర్ మాత్రమే. దిమ్మ మాత్రం లారీ కోసం పోత పోసినది. దాంతో అక్కడి ఔత్సాహికులు పెద్ద రంధ్రాలున్న ఇంజెక్టర్ నాజిల్స్ బిగించి, పంపు నుంచి వచ్చే డీజిల్ పెంచి, ఆ శక్తిని రెట్టింపు చేసుకున్నారు. ఇంజిన్ తట్టుకుంది. పెద్ద ఇంజెక్టర్ వేస్తే చాలు, బండి పరుగు తీస్తుందన్న నమ్మకానికి అక్కడే బలం వచ్చింది.

చిక్కల్లా ఆ నమ్మకాన్ని పెట్రోలు కారుకు వర్తింపజేయడంతోనే. ఇప్పుడు మన దేశంలో చిన్న కార్లకు సైతం టర్బో పెట్రోలు ఇంజిన్లు వస్తున్నాయి. లారీ డీజిల్ భరించిన మోటును అవి భరించవు.

కారణం తెలియాలంటే టర్బో చేసే పనేమిటో చూడాలి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లో పేటెంట్ పొందిన ఈ ఆలోచన చాలా సులువైనది. వృథాగా పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. బూస్ట్ ఒక బార్ ఉందంటే లోపలికి వెళ్లే గాలి పీడనం మామూలు కంటే దాదాపు రెట్టింపు అన్నమాట. ఒత్తిడికి వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్ చల్లబరిస్తే గాలి బరువు కూడా దాదాపు రెట్టింపవుతుంది. గాలి రెట్టింపైతే పెట్రోలూ రెట్టింపు కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. పూర్తి బూస్ట్‌లో ఇంజిన్‌ను చల్లగా ఉంచడానికి పెట్రోలు ఇంకాస్త ఎక్కువే పోస్తారు.

ఆ పెట్రోలును చిమ్మేది ఇంజెక్టర్. అది కరెంటుతో తెరుచుకునే ఒక చిన్న కుళాయి. ఎంతసేపు తెరవాలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్, అంటే ఈసీయూ, చెబుతుంది. ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకు పట్టే సమయం 20 మిల్లీసెకన్లు. పోర్టులోకి చిమ్మే ఇంజెక్టర్‌కు దొరికే గడువు అంతే. బూస్ట్ పెంచకముందే అది 14 మిల్లీసెకన్లు తెరుచుకుని ఉంటే, రెట్టింపు ఇంధనం కోసం 28 మిల్లీసెకన్లు కావాలి. అంత సమయం లేదు. నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే కొత్త ఇంజిన్లలోనైతే ఈ గడువు ఇంకా తక్కువ. పెద్ద ఇంజెక్టర్ అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. అంటే అది శక్తిని పుట్టించదు. అదనంగా వచ్చిన గాలికి తగ్గ ఇంధనాన్ని ఉన్న గడువులో అందిస్తుంది, అంతే. గాలి పెరగకుండా ఇంజెక్టర్ మాత్రమే మార్చితే పెరిగేది పెట్రోలు ఖర్చే.

మార్చిన తర్వాత అసలు పని మొదలవుతుంది. ఇంజెక్టర్ మారిన సంగతి ఈసీయూకు తెలియదు. పాత లెక్క ప్రకారమే తెరుస్తుంది. రెట్టింపు సైజు ఇంజెక్టర్ అదే సమయంలో రెట్టింపు పెట్రోలు కుమ్మరిస్తుంది. సైలెన్సర్‌లోని సెన్సర్ చూసి కొంతవరకు సర్దుకున్నా, ఆ సర్దుబాటుకు హద్దుంది. కాబట్టి కొత్త ఇంజెక్టర్ నిమిషానికి ఎంత చిమ్ముతుందో ఈసీయూలో నమోదు చేయాలి. అంతకంటే సూక్ష్మమైనది మరొకటుంది. కరెంటు అందిన తర్వాత ఇంజెక్టర్ నిజంగా తెరుచుకోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఇంకా ఎక్కువ. బండి వేగంగా వెళ్తున్నప్పుడు ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు మాత్రం మొత్తం తెరిచే సమయమే రెండు, మూడు మిల్లీసెకన్లు. అక్కడ ఈ లెక్క కాస్త తప్పినా ఇంజిన్ ఎగిరెగిరి పడుతుంది, ఆగిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ కాదు. పెద్ద ఇంజెక్టర్లు వేసిన కార్లలో కనిపించే రోగాల్లో చాలావరకు ఇవే.

తప్పు రెండు వైపులా ప్రమాదమే. ఇంధనం ఎక్కువైతే అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. తక్కువైతే బూస్ట్‌లో మంట సమయం కంటే ముందే పేలుతుంది. డ్రైవర్‌కు చిన్న టకటక శబ్దమే వినిపిస్తుంది, ఒక్కోసారి అదీ వినిపించదు. లోపల మాత్రం పిస్టన్ అంచులు విరుగుతాయి, కరుగుతాయి.

డీజిల్ సంగతి దాదాపు తిరగేసినట్టు ఉంటుంది. అందులో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది కాబట్టి ఇంధనం తగ్గితే ఇంజిన్ చల్లబడుతుంది, శక్తి తగ్గుతుంది, అంతే. ఎక్కువైతేనే వేడెక్కుతుంది. టర్బో ముందు పొగ వేడి సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటి చాలాసేపు ఉంటే లోహానికి ముప్పే. లారీ డీజిల్ మీద నేర్చుకున్న చెయ్యి పెట్రోలు టర్బో మీద బోల్తా కొట్టేది ఇందుకే. ఒకదానికి ప్రాణం పోసే మార్పు మరోదాని ప్రాణం తీస్తుంది.

డీజిల్ తట్టుకుందంటే ఎవరికీ నష్టం లేదని కాదు. నష్టం సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి వచ్చింది. కావాలని నల్లటి పొగ చిమ్మడం అమెరికాలో ఒక వేడుకగా మారింది. న్యూజెర్సీ రాష్ట్రం 2015లో దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేసిన డీజిల్ పికప్‌లు పదేళ్లలో 5.5 లక్షలు దాటాయని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో అంచనా వేసింది. చివరికి తయారీదారు దాకా వచ్చింది. 5.9 లీటర్ల ఇంజిన్‌కు వారసురాలైన 6.7 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన రామ్ పికప్‌లలో నిబంధనలను దాటవేసే సాఫ్ట్‌వేర్ ఉందన్న ఆరోపణపై 167.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి కమిన్స్ 2023 డిసెంబరులో ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం అంగీకరించలేదు. ఇంధనం లెక్క ఒక మెకానిక్‌కూ ఒక యజమానికీ మధ్య ఉండిపోయే వ్యవహారం కాదని ఆ అంకె చెబుతోంది.

మన దగ్గరా ఆ వెసులుబాటు లేదు. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్-6 కార్లలో సెన్సర్ల కాపలా ఎక్కువ. ఇంజెక్టర్ మార్పు వాటి కంట పడకుండా ఉండదు. వారంటీ, బీమా కూడా అక్కడే ఇరుకున పడతాయి.

దీనికి తోడు పెట్రోలే మారిపోయింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వచ్చేసింది. ఒక గ్రాము ఇథనాల్‌కు తొమ్మిది గ్రాముల గాలి చాలు. అందువల్ల ఈ మిశ్రమానికి 14.7 లెక్క సుమారు 13.5కు దిగుతుంది. అంటే అదే గాలికి ఇంధనం దాదాపు 9 శాతం ఎక్కువ చిమ్మాలి. ఇప్పటికే గడువంతా వాడేస్తున్న ఇంజెక్టర్‌కు ఆ 9 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? పాత పెట్రోలు మీద చేసిన ట్యూనింగ్, బూస్ట్ పెంచిన కార్లలో నేడు ప్రమాదకరంగా తేలగలిగేది అందుకే.

అనుమతి ఉన్న చోట, అంటే రేస్ ట్రాక్ కోసం తయారుచేసే కారుకైనా, పని వరుస మారదు. ముందు గాలి కొలవాలి. తర్వాత పంపు ఆ ఒత్తిడిలో సరిపడా ఇంధనం ఇస్తుందో లేదో చూడాలి. ఆ తర్వాతే ఇంజెక్టర్ సైజు నిర్ణయించాలి, అది కూడా గడువులో 80-85 శాతం దాటకుండా. చివరికి డైనమోమీటర్ మీద, వైడ్‌బ్యాండ్ సెన్సర్ చూస్తూ, తక్కువ బూస్ట్ నుంచి మెట్టుమెట్టుగా పైకి వెళ్లాలి. కర్మాగారంలో ఇంజిన్‌ను టెస్ట్ బెడ్ మీదికి ఎక్కించి చేసేది ఇదే పని. అక్కడ చెవితో విని, పొగ రంగు చూసి తీర్పు చెప్పరు.

జంషెడ్‌పూర్‌లో తయారైన ఇంజిన్ లక్షల కిలోమీటర్లు నడిచిందంటే అందుకు దాని ఉక్కు ఒక్కటే కారణం కాదు. ఎంత గాలికి ఎంత ఇంధనమో ముందే కొలిచి, అక్కడితో ఆగారు. పెద్ద ఇంజెక్టర్లు కొనబోయే కుర్రాడు వాటి ధర కంటే ముందు ఆ కొలతకు ఎంత ఖర్చవుతుందో అడగాలి. ఇంజిన్ మరమ్మతు ఖర్చుతో పోలిస్తే అది చౌకే.