సంపాదకునికి లేఖ: సన్నదుకు చదువు చూడాలి, సంచి కాదు

లా పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఎవరూ వకీలైపోరు. 1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరెక్కి, సన్నదు (నమోదు పత్రం) పొందాలి. అందుకు 24వ సెక్షన్ ప్రధానంగా అడిగేవి నాలుగే: భారత పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, గుర్తింపు ఉన్న లా పట్టా, ఫీజు. దీనికి తోడు అఖిల భారత బార్ పరీక్ష నెగ్గాలి. దాన్ని తెలుగులోనూ రాయవచ్చు. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023లో తేల్చింది.

పేరెక్కడమంటే కోటూ బ్యాండూ తొడుక్కునే ముచ్చట కాదు. వకాల్తానామా మీద సంతకం కింద వేసే ఆ చిన్న నమోదు నంబరు చూసే కక్షిదారు తన భూమినీ, ఒక్కోసారి ప్రాణాన్నీ పరాయి మనిషి చేతిలో పెడతాడు. ఆ నంబరున్న వకీలు కర్నూలులోనే కాదు, దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు. ఈ హక్కునిచ్చే 30వ సెక్షన్ చట్టం వచ్చిన యాభై ఏళ్లకు, 2011 జూన్ 15న గానీ అమల్లోకి రాలేదు. హక్కు వెంటే జవాబుదారీ ఉంది: దుష్ప్రవర్తన రుజువైతే 35వ సెక్షన్ కింద మందలింపు మొదలు, పేరు కొట్టివేత దాకా శిక్ష పడుతుంది.

ఇంతటి నమ్మకానికి వాకిలి దగ్గర చూడాల్సింది చదువూ నడవడీ. చాలా ఏళ్లు చూసింది మాత్రం డబ్బు. చట్టం చెప్పిన ఫీజు స్టాంపు సుంకం కాక మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 125. అయినా భవన నిధి, సంక్షేమ నిధి అంటూ రకరకాల పేర్లతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేశాయి. ఒడిశాలో అది 40 వేలు దాటింది. కూలి చేసుకునే ఇంట్లో తొలిసారి లా చదివిన అమ్మాయికి ఆ మొత్తం వడ్డీకి తెచ్చిన అప్పు. సీనియర్ దగ్గర చేరినా మొదటి ఏళ్లలో చేతికొచ్చేది బస్సు చార్జీలకే చాలదు.

గౌరవ్ కుమార్ కేసులో 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఈ అదనపు వసూళ్లు చెల్లవంది. పెంచదలిస్తే పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. నిధులు లేకపోతే కౌన్సిళ్లు నడవవన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఆ భారం మోయాల్సింది ఏళ్లుగా ప్రాక్టీసు చేసి సంపాదిస్తున్నవారు, ఇంకా మొదటి కేసు ఫైలు పట్టని పిల్లలు కాదు. పాత వసూళ్లను తిరిగివ్వమని తీర్పు చెప్పలేదు. కనీసం ఇకనైనా ప్రతి కౌన్సిల్ కార్యాలయంలో నమోదు ఫీజు ఎంతో, ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారో దరఖాస్తు ఇచ్చే కిటికీ పక్కనే తెలుగులో రాసి పెట్టాలి.