గ్లిజరిన్ లేని కన్నీళ్ళు

మూకీల రోజుల్లో హాలీవుడ్ స్టూడియోల్లో కార్బన్ ఆర్క్ లైట్ల ముందు నటించీ నటించీ తారల కళ్ళు ఎర్రబడి వాచిపోయేవి. ఆ బాధకి ‘క్లీగ్ కళ్ళు’ అని పేరే పెట్టారు. దోషి ఎవరంటే ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు. ఇప్పుడు చూడండి, ఆ కిరణాలను వడగట్టేసిన వెలుగే కొందరి కళ్ళమంటకి మందవుతోంది! విలన్ హీరో అయ్యాడన్నమాట.

మన కంటిమీద ఎప్పుడూ పల్చని కన్నీటి పొర ఉంటుంది. దానిపైన నూనె పూత. ఆ నూనెనిచ్చేవి రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథులు. అవి పూడుకుపోతే కన్నీరు ఇట్టే ఆవిరైపోతుంది. మంట, ఇసుక పడ్డట్టు గరగర, మసక! రెప్ప వెయ్యడం మరిచి గంటల తరబడి సెల్‌ఫోను చూసేవారికి ఈ బెడద మరీ ఎక్కువ.

కళ్ళజోడు వదిలించుకోవాలని లేసిక్‌కి తొందరపడే కుర్రకారు ఇక్కడే ఆగాలి. ఆ ఆపరేషనులో కార్నియాలోని సన్నని నరాలు తెగుతాయి. ‘కన్నీరు కావాలి’ అని కబురు పంపేవి ఆ నరాలే. అవి కోలుకునేదాకా కొన్ని నెలలు కళ్ళు పొడిబారడం మామూలే. ముందే పొడిగా ఉంటే బాధ ముదురుతుంది. ఇంట్లో నాన్నగారికో బామ్మగారికో శుక్లం ఆపరేషనైతే ఇంకో చిక్కు. లోపల అమర్చే లెన్సు పవరును కార్నియా వంపు కూడా కొలిచి లెక్కకడతారు. పొడి కంట్లో ఆ కొలత నిలకడగా ఉండదు. కొలత తప్పితే పవరూ తప్పుతుంది. ఆపరేషను బాగానే జరిగినా చూపు మసకే!

అందుకే ముందు రెప్పల సంగతి చూసుకోవాలి. వేడి కాపడం, రెప్పల శుభ్రం, చుక్కల మందు మొదటి మెట్టు. గ్రంథులు అప్పటికీ తెరుచుకోకపోతే ఐ.పి.ఎల్. అనే వెలుగు చికిత్స ఉంది. 2021లో అమెరికా ఎఫ్.డి.ఏ. పొడికన్ను కోసం ఇలాంటి యంత్రానికి అనుమతినిచ్చింది. మెరుపులు కంట్లోకి కొట్టరు లెండి! కళ్ళకి రక్షణ కవచాలు పెట్టి, కింది రెప్ప దిగువన, చెంపల మీద కొడతారు. తర్వాత గ్రంథుల్లో గడ్డకట్టిన నూనెను నొక్కి తీస్తారు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో మూడు నాలుగుసార్లు. ఒక్క ఆటతో శుభం కార్డు పడదు. అంచేత ఆపరేషనుకి వారం ముందు పరుగెడితే లాభం లేదు. ఆపరేషను తర్వాతైతే డాక్టరు సరేనన్నాకే.

మనవాళ్ళు మరువరానిది ఇంకొకటి. ఈ మెరుపుని చర్మంలోని నల్లదనం పీల్చుకుంటుంది. ఒంటిరంగు బాగా ముదురైతే చర్మం కాలవచ్చు, మచ్చలు పడవచ్చు. అలాంటివారికి కొందరు డాక్టర్లు ఎర్రని ఎల్.ఇ.డి. మాస్కు వాడతారు. ఏదైనా సర్వరోగనివారిణి మాత్రం కాదు. కన్నీరే తక్కువ ఊరేవారి దారి వేరు. గుణం కనిపించినా మళ్ళీ చేయించుకోవలసి రావచ్చు.

కాబట్టి డాక్టరు దగ్గర ‘ఆపరేషను ఎప్పుడు?’ అనే ముందు, ‘నా కన్నీరు సరిగా ఉందా?’ అని అడగండి. తెరమీద గ్లిజరిన్‌తో సరిపోతుంది. తెర ఎదుట కూర్చున్నవాళ్ళకి మాత్రం అసలు కన్నీళ్ళే కావాలి. ఏడవడానికి కాదు సుమండీ, సినిమా చూడడానికి!