నెత్తురు మాది, శిక్షణ ఎవరికి? (బొగ్గుబాయి చదువులు - 6)



పోయిన భాగం చదివి కొందరు అడిగిన్రు: "సైన్సులో కూడా కులం తీస్తవా అన్నా?" తీస్త. ఎందుకంటే ముందుగాల మా కులం అడిగింది సైన్సే.

2001లో కులాల పుట్టుక మీద ఒక పేపర్ అచ్చయింది. దానికోసం విశాఖపట్నం జిల్లాలో తీసిన డీఎన్‌ఏలో మాల, మాదిగ, రెల్లి వాళ్లది ఉన్నది. 2009లో 'నేచర్'లో డేవిడ్ రైక్, తంగరాజ్, లాల్జీ సింగ్ వాళ్ల పేపర్ వచ్చింది. అందులోనూ మాల, మాదిగ, చెంచు ఉన్నరు. 2013లో అదే వరుసలో ఇంకోటి వచ్చింది. సుమారు 4,200 ఏండ్ల కిందటి నుంచి 1,900 ఏండ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం కలిసిపోయిన్రు, ఆ తర్వాత ఎవరి గడపలో వాళ్లు బందయిన్రు అని లెక్క తేల్చింది. కులానికి తాళం ఎప్పుడు పడ్డదో కంప్యూటర్ చెప్పింది. మంచి పని, నేను కాదనను. ఆ లెక్క కట్టుడు మా పిల్లలకు నేర్పేది ఎవరు అన్నదే నా లొల్లి.

ఇంకో ముచ్చట. ప్రపంచమంతా వాడే 1000 జీనోమ్స్ డేటాలో 'తెలుగు' అనే గుంపు ఉన్నది. 102 మంది. అందరూ బ్రిటన్‌లో ఉండే తెలుగోళ్లు!

ఈ లెక్క పేరే బయోఇన్ఫర్మాటిక్స్. దేశంలో ఇది కొత్తది కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 1986-87లోనే బీటీఐఎస్‌నెట్ అని దేశమంతా కేంద్రాల వల మొదలుపెట్టింది. 2022లో ఫరీదాబాద్‌లో జాతీయ డేటా సెంటర్ వచ్చింది. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా కింద 10,000 మంది జన్యు సమాచారం పరిశోధకులకు తెరిచిన్రు. మా హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నయి. రామకృష్ణాపూర్ దాకా ఏం వచ్చింది?

మా ఆర్కేపూర్ పిల్ల, కోల్‌ఫిల్లర్ మనవరాలు, ఎమ్మెస్సీ జువాలజీ చేసింది. ఒక పెద్ద సంస్థ వారం రోజుల వర్క్‌షాప్‌కు అప్లై చేసింది. గైడు సిఫారసు లేఖ కావాలె. సొంత ల్యాప్‌టాప్ కావాలె. ఫీజు ముందు, చార్జీలు తర్వాత. పైథాన్ ముందే వచ్చి ఉండాలె. నేర్చుకోను పోయేటోళ్లకు ముందే వచ్చి ఉండాలెనట! సీటు రాలే. సంస్థ పేరు రాయను, ఇది ఒక్క సంస్థ రోగం కాదు.

బాయిలో కొత్తగా చేరినోనికి మొదలు ట్రైనింగ్ ఇయ్యాలని 1966 నుంచి రూల్ ఉన్నది. టోపీలైటు ఇంటి నుంచి తెచ్చుకో అని మా నాయినకు ఎవ్వలూ చెప్పలే. బొగ్గు తవ్వుడికి ఉన్న పాటి ఇంగితం డేటా తవ్వుడికి లేకపాయె.

పైసలు లేవంటరా? జీవశాస్త్రంలో అన్నిటికన్నా చవుకగా నేర్పగలిగేది ఇదే. బ్లాస్ట్, గెలాక్సీ ఉత్త బ్రౌజర్‌లో నడుస్తయి, ఫ్రీ. ఆఫ్రికా వాళ్లు 2016లో చేసి చూపెట్టిన్రు. హెచ్3ఏబయోనెట్ అని కేప్‌టౌన్ యూనివర్సిటీ ముందుండి నడిపిన వల. పది దేశాల్లో ఇరవై తరగతి గదులు. పాఠాల వీడియోలు ముందే దింపుకొని పెట్టుకున్నరు, నెట్ ఆగితే పాఠం ఆగొద్దని. ప్రతి గదిలో సందేహాలు తీర్చే స్థానిక మనిషి. వారానికి రెండుసార్లు అన్ని గదులూ కలిసి లైవ్‌లో సారుతోని మాట్లాడుడు. పిల్లలను రాజధానికి పిలవలే, రాజధానినే పిల్లల దగ్గరికి పంపిన్రు. జాతీయ సమన్వయం అంటే అదీ. మా దగ్గర సమన్వయం అంటే నోటిఫికేషన్ పీడీఎఫ్.

పైసల జాగ కూడా చెప్త. 2015 చట్ట సవరణతోని గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి పెట్టిన్రు. చదువు, వైద్యం అందులో ముందు వరుస ఖర్చులు. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అడిగితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్తరు, అది వేరే కథ. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని డిగ్రీ కాలేజీల్లో ఒక్కో గది. సిఫారసు లేఖ వద్దు. రిజర్వేషన్ పాటించాలె. పాఠం తెలుగులో కూడా ఉండాలె.

ఒకే బాయిలో ముప్పై ఏండ్లు దుమ్ము మింగిన ఇద్దరిలో ఒక్కనికే దమ్ము ఎందుకు ఎక్కువ పట్టింది? ఆదిలాబాద్ గోండు గూడేల్లో సికిల్‌సెల్ ఏ ఇండ్లల్లో ఉన్నది? ఈ ప్రశ్నలు మా పిల్లలకు ఇంట్లోనే పుడ్తయి. ఢిల్లీలో కూసున్నోనికి పేపర్‌లో చదివితే గాని పుట్టవు.

మూడు ఊర్లలో లైఫ్ సైన్సెస్ చెప్పే లెక్చరర్లారా, మీ కాలేజీలో నడిచే కంప్యూటర్లు ఎన్నో నాకు రాయున్రి. పేర్లు బయటపెట్ట. ఆ లెక్క పట్టుకొని వచ్చే నెల కలెక్టరేట్‌కు పోతున్నం.