కీర్తనల్లో క్రీస్తు, గబ్బిలంలో క్రీస్తు

గొప్ప సాహిత్యమంతా చివరికి తమ మతాన్నే బోధిస్తోందని చెప్పుకోవాలనే కోరిక అన్ని మతాలవారికీ ఉంది. క్రైస్తవ మిత్రులు ఈ పనిని కాస్త ఓపిగ్గా, చదువుకున్న పద్ధతిలో చేస్తారు. కాబట్టి వారి వాదాన్ని వెటకారంతో తోసిపుచ్చకుండా పరిశీలించాలి.

ఈ పద్ధతి పాతదే. రోమన్ కవి వర్జిల్ క్రీ.పూ. 40 ప్రాంతంలో ఒక శిశువు పుట్టి స్వర్ణయుగం తెస్తాడని రాశాడు. అది ఆనాటి రోము రాజకీయాల్లో పుట్టిన కవిత. నాలుగో శతాబ్దం వచ్చేసరికి, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పేరుతో ఉన్న ప్రసంగంలో అది ఏసు జననానికి జోస్యమైపోయింది. కవికి తెలియని అర్థాన్ని కవి చేత చెప్పించారు!

బైబిల్లోని కీర్తనల సంగతీ అంతే. 22వ కీర్తన బాధలో ఉన్న ఒక మనిషి మొర. శత్రువులు తన బట్టలు పంచుకుంటున్నారనీ, చీట్లు వేస్తున్నారనీ అందులో ఉంది. సువార్తల్లో సిలువ దగ్గర ఇదే జరుగుతుంది. చూశారా, వందల ఏళ్ళ ముందే చెప్పాడు అంటారు. కానీ సువార్తలు రాసినవారికి ఈ కీర్తన బాగా తెలుసు. మార్కు, మత్తయి సువార్తల్లో సిలువపై ఏసు పలికేది ఈ కీర్తన మొదటి మాటలే. యోహాను సువార్త అయితే లేఖనం నెరవేరటానికే ఇలా జరిగిందని నేరుగా చెబుతుంది. పాత పుస్తకాన్ని ముందు పెట్టుకుని కొత్త పుస్తకం రాసినప్పుడు రెండూ కలవటంలో వింత ఏముంది? అదే కీర్తనలో చేతులు, కాళ్ళు పొడిచారన్న చోట, సంప్రదాయ హీబ్రూ పాఠంలో 'సింహంలాగా' అనే అర్థం వచ్చే మాట ఉంది. ప్రతుల్లోనే తేడా ఉన్న మాట మీద ఇంత పెద్ద నమ్మకం కట్టవచ్చునా?

నేను రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా భాషలో చెప్పాలంటే ఇది నిల్వ ముందే రాసేసి, దానికి సరిపడే వోచర్లు తరువాత వెతికే పద్ధతి. అలా వెతికితే వోచర్లు దొరుకుతాయి. సరిపడనివి ఫైల్లోంచి తీసేస్తారు. ఏ ఆడిటరూ దీన్ని ఒప్పుకోడు.

సరిపడనిది ఒకటి చూడండి. 137వ కీర్తన చెరలో ఉన్న ప్రజల దుఃఖగీతం, ఎంతో అందమైనది. కానీ చివర బబులోను పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడు అని ముగుస్తుంది. సి.ఎస్. లూయిస్ 1958లో కీర్తనల మీద రాసిన పుస్తకంలో ఇలాంటి శాపాలు దారుణమని దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. కానీ అదే పుస్తకంలో తరువాత ఆ పసిపిల్లల్ని మనలో మొలకెత్తే చిన్న చిన్న దుర్బలతలుగా చదువుకోవచ్చన్నాడు. ఏ వాక్యానికైనా ఏ అర్థమైనా ఇవ్వగలిగితే, ఇక ఆ గ్రంథం మనకు నేర్పేదేమిటి? మనకు ముందే తెలిసిన నీతిని దాని నోట పలికిస్తున్నాం, అంతే.

మన దేశంలో ఈ లెక్క ఇంకో పుస్తకంలోకి కూడా ఎక్కింది. బెంగాలుకు చెందిన కృష్ణమోహన్ బెనర్జీ 1875లో వేదాల్లోని ప్రజాపతి బలి క్రీస్తులోనే నెరవేరిందని ఆంగ్లంలో గ్రంథం రాశాడు. మన తెలుగు ప్రసంగీకులు కొందరు ఇప్పటికీ అదే చెబుతారు. 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల గురించి పత్రం చదివినవారిదీ ఇదే పద్ధతి. ఒకరిని చూసి నవ్వి, ఇంకొకరిని చూసి చేతులు జోడించటం హేతువాదం కాదు.

ఇక మన జాషువా గారి దగ్గరకు వద్దాం. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో క్రైస్తవం వెతకనక్కర్లేదు, ఉన్నదే అది. 'గబ్బిలం' (1941) సంగతి వేరు. కాళిదాసు మేఘసందేశం బాణీలో, అంటరాని మనిషి గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి కబురు పంపే కావ్యం. గుడిలోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేదు. దీన్ని కీర్తనల్లోని మొరలతో పోల్చవచ్చు. అది మంచి సాహిత్య పరిశీలనే. కానీ 'చూశారా, ఆ దేవుడు వినలేదు, మా దేవుడు వింటాడు' అనే పాఠంగా మారిస్తే కవికి ద్రోహం జరుగుతుంది. ఆ కబురు పేరుకే శివుడికి. నిజానికి అది మనకు, ఈ కులసమాజానికి. దాన్ని పరలోకపు చిరునామాకు మళ్ళిస్తే జవాబు చెప్పాల్సిన వాళ్ళం మనం తప్పించుకుంటాం. బాప్తిస్మంతో కులం పోయిందా? పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూడండి, క్రైస్తవుల్లోనూ కులం పేరు ముందే ఉంటుంది.

ఈ విమర్శ చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2023 జనవరిలో మా ఛత్తీస్‌గఢ్‌లోనే నారాయణపూర్‌లో చర్చిని ధ్వంసం చేశారు. ఒకరి వాదంలో తప్పు చూపటం వేరు, వారి ప్రార్థనాస్థలం మీద రాళ్ళు వేయటం వేరు. మన మాటలు రెండో పనికి పనికిరాకుండా రాయటం మన పూచీ. తమకు నచ్చినట్టు చదువుకునే హక్కు క్రైస్తవులకు పూర్తిగా ఉంది, దాన్ని రుజువుగా ఒప్పుకోని హక్కు మనకుంది.

హేతువాదులు కీర్తనలు చదవకూడదా? తప్పకుండా చదవాలి. 104వ కీర్తనకూ, అంతకు శతాబ్దాల ముందు ఈజిప్టులో అఖెనాటెన్ కాలపు సూర్యస్తోత్రానికీ ఉన్న పోలికల్ని పండితులు ఎప్పటినుంచో గమనించారు. పోలిక ఉన్నంత మాత్రాన ఆ కీర్తన సూర్యదేవుడికి సాక్ష్యమని ఏ క్రైస్తవుడైనా ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. వర్జిల్‌కూ, జాషువాకూ అదే మర్యాద ఇవ్వమనే మనం అడుగుతున్నది.