చెప్పక విడిచిన మాట

బ్యాంకు ఉద్యోగాలకు గాని, సివిల్ సర్వీసులకు గాని పోటీ పరీక్ష వ్రాసేవారికి 'ప్రకటన – ఊహలు' అనే ప్రశ్నలు సుపరిచితాలే. ఒక వాక్యం ఇచ్చి, దాని వెనుక వక్త చెప్పకుండానే నమ్మిన విషయమేదో గుర్తించమంటారు. 'అందరూ', 'మాత్రమే' అనే మాటలు కనబడితే ఆ ఊహను కొట్టివేయమని చిట్కాలు ప్రచారంలో ఉన్నాయి. చిట్కాలతో మార్కులు రావచ్చును గాని వివేకం రాదు. ఈ విద్య మన సీమవారికి ఎంత అవసరమో ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను.

కృష్ణ సముద్రంలో కలిసేచోటికి చేరువనున్న పాలకాయతిప్పను తలచుకొనండి. ప్రకటన ఇది: 'తుపాను హెచ్చరిక రేడియోలో ప్రసారమైనది, కనుక దానివల్ల గ్రామస్థుల ప్రాణాలు దక్కుతాయి.' దీని వెనుక మూడు ఊహలు చెప్పవచ్చు. ఒకటి, ప్రతి ఇంటా రేడియో ఉన్నది. రెండు, ఆ మాట ఏదో మార్గాన సకాలంలో ప్రజల చెవిన పడుతుంది. మూడు, ఉప్పెన నీరు అందని చోటు చేరగలిగిన దూరంలో ఉన్నది.

వీటిలో ఆవశ్యకమైనది ఏది? ఒక్కొక్క ఊహను కాదని చూడాలి. కాదన్నప్పుడు వాదం కూలిపోతే అది ఆవశ్యకం. నిలిచి ఉంటే కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'ప్రతి ఇంటా ఉన్నది' అన్నదానికి నిరాకరణ 'ఏ ఇంటా లేదు' అని కాదు. 'కొన్ని ఇళ్లలోనైనా లేదు' అని మాత్రమే. కొన్ని ఇళ్లలో లేకపోయినా ఊరికొక్క రేడియో, ఒక దండోరా చాలును; కనుక మొదటి ఊహ అనావశ్యకం. మిగిలిన రెండింటిలో ఏది లేకున్నా వాదం నేలగూలుతుంది.

ఇది కాగితం మీది లెక్క కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడినది. తీరంలో పదివేల మందికి పైగా మరణించారు. హెచ్చరికలు లేకపోలేదు, చదునైన ఆ లంక నేలలో, పూరిళ్ల నడుమ, ఎక్కి నిలిచే ఎత్తు ఎక్కడున్నది? ఆ మూడవ ఊహ అబద్ధమైనది. తరువాత తీరం పొడవునా తుపాను రక్షణ భవనాలు లేచాయి. 1990 మే 9న మరొక పెను తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరనే తీరం దాటినప్పుడు ఆరు లక్షల మందికి పైగా ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి మించలేదు.

ఈ నా వాదంలోనూ ఒక ఊహ దాగి ఉన్నది: రెండు తుపానులూ పోల్చదగినవేనని. చదువరులు దానినీ పరీక్షించవలెను.

ఈ విచారణ మనకు పరాయిది కాదు. కొండ మీద పొగను చూసి నిప్పున్నదని చెప్పాలంటే 'పొగ ఉన్నచోటెల్ల నిప్పుంటుంది' అనే వ్యాప్తి కావాలన్నది న్యాయశాస్త్రం. ముఖద్దమా సరిగా లేనిదే నతీజా నిలువదన్నది మంతిఖ్. మన కళాశాలలోని రెండు భాషలవారికీ ఇది తాతల సొత్తే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వారానికొక గంట దీనికి కేటాయించండి. పత్రికలోని సంపాదకీయమో, ప్రభుత్వ ప్రకటనో, మన నోటీసు బోర్డు మీది కాగితమో తీసుకొని, అందులో చెప్పక విడిచిన మాటను విద్యార్థులచేత వెదికించండి. పాఠ్యాంశాలకు కాలం చాలదనే వారుండవచ్చు. ఈ అలవాటు లేని చదువు పాఠాన్ని ఒప్పచెబుతుందే గాని ప్రశ్నించలేదు. ఉప్పెన అంచున బ్రతికే మనకు ప్రశ్నించడం తెలియకపోతే కలిగే నష్టం మార్కులతో ముగియదు.