రంగం రేవులో పారిన నెత్తురు ఏ సిలబస్‌లో ఉంది?

డిగ్రీ చదివే పిల్లవాణ్ణి లేపి అడగండి. హిట్లర్ ఎంతమంది యూదులను చంపించాడంటే అరవై లక్షలని టక్కున చెబుతాడు. మంచిదే, చెప్పాలి కూడా. అదే పిల్లవాణ్ణి 1930 మే నెలలో రంగూన్‌లో తెలుగు కూలీలను వెంటాడి నరికిన సంగతి అడగండి. తెల్లమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు. వాడికి చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన లెక్చరర్‌కూ ఎవరూ చెప్పలేదు.

ప్రపంచంలో జరిగిన జాతిహననాల చరిత్రను మన కాలేజీల్లో ఒక పూర్తి పేపరుగా పెట్టాలి. ఆ పేపరు మొదటి పాఠం బెర్లిన్‌లో కాదు, కొరంగిలో మొదలవ్వాలి.

కొరంగీ అంటే ఎవరు?

తాళ్లరేవు పక్కన కొరంగి. ఒకప్పటి తూర్పు గోదావరి, ఇప్పటి కాకినాడ జిల్లా. ఇవాళ జనం అక్కడికి మడ అడవులు చూడటానికి పోతున్నారు. కాస్త చదువుకున్నవాళ్లకు 1839 తుఫాను తెలుసు. సముద్రం చేసిన చావు గుర్తుంది, మనుషులు చేసిన చావు మాత్రం గుర్తులేదు!

బర్మాలో తెలుగు కూలీలందరికీ ఈ రేవు పేరే పెట్టారు. విశాఖ నుంచి వచ్చినా, గంజాం నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా అక్కడ వాడు 'కొరంగీ'యే. దొరల రికార్డుల్లోనూ అదే పేరు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా అన్నపూర్ణ అయింది అని పాఠం చెబుతారు. నిజమే. మరి ఆ అన్నపూర్ణ ఒడిలో పుట్టి, సెంటు భూమి లేనివాడు స్టీమరు డెక్కు మీద ముడుచుకు కూర్చుని 'రంగం' ఎందుకు పోయాడు? ఆ పాఠం చెప్పదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని, ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చూపిన చోట మూటలు మోసిన బతుకు అది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే. రేవులో ఓడల బరువు దించిన వీపుల్లో ఎక్కువ భాగం తెలుగు వీపులే.

1930 మేలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల యాజమాన్యాలు బర్మా కూలీలను పనిలోకి దించాయి. కాస్త పెంచి సమ్మె తెంచగానే, మే 26న అదే బర్మా కూలీలను పొమ్మన్నాయి. కడుపు కాలినవాడికి కోపం వచ్చింది. యాజమాన్యం మీదికి పోవాల్సిన ఆ కోపం పక్కన నిలబడ్డ తెలుగు కూలీ మీదికి మళ్లింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. అసలు లెక్క దానికి ఎన్నో రెట్లన్న వాదన నాటి నుంచీ ఉంది. అప్పుడు రంగూన్‌లో మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ ఈ సంగతులను తన 'ట్రయల్స్ ఇన్ బర్మా' పుస్తకంలో రాసుకున్నాడు. దొర రాసుకున్నాడు. మన పాఠాల్లో ఏది?

అక్కడితో ఆగిందా? 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడగానే, 1942లో దాదాపు 5 లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ పడి కాలినడకన వచ్చారు. దారిలో వేలాది మంది రాలిపోయారు. తెల్లవాడికొక దారి, నల్లవాడికొక దారి పెట్టారని నాటి కాంగ్రెస్ నాయకులే మొత్తుకున్నారు. మలయా తోటల్లోంచి తమిళులతో పాటు తెలుగువాళ్లనూ జపాన్ సైన్యం సయాం–బర్మా రైలుమార్గానికి తోలింది. అక్కడ చచ్చిన ఆసియా కూలీలు 90 వేల వరకు ఉంటారని అంచనా. యుద్ధఖైదీలకు కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులున్నాయి. మన కూలీకి అలా పేరు చెక్కిన సమాధి దక్కలేదు. 1962లో నె విన్ గద్దెనెక్కాక దుకాణాలు జాతీయం చేసి, సుమారు 3 లక్షల మందిని కట్టుబట్టలతో వెళ్లగొట్టినంత పని చేశాడు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ కథకు సాక్ష్యం.

మాటకు కొలత ఉండాలి

మరి 1930 రంగూన్ జాతిహననమా? కాదు. అలా అనడం ఆవేశమే తప్ప చరిత్ర కాదు. ఈ మాటను 1944లో రఫేల్ లెమ్కిన్ అనే పోలెండు యూదు న్యాయవాది పుట్టించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్య సమితి దాన్ని ఒప్పందంగా చేసింది. ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగానో కొంతగానో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువైతేనే అది జాతిహననం. రంగూన్‌లో జరిగింది ఊచకోత. 1962 తరవాత జరిగింది గెంటివేత. ఈ తేడా నేర్పడానికే కోర్సు కావాలి. ఇవాళ రోడ్డు ప్రమాదం జరిగినా పత్రికలో 'నరమేధం' అంటారు. యాస మీద జోకేస్తే ఉద్యమ వేదికల మీద కూడా 'జాతిహననం' అని మైకు పగిలేలా అరిచేవాళ్లున్నారు. పెద్ద మాటను చిల్లర చేస్తే, రేపు నిజంగా అవసరమైన రోజున అది చెల్లదు.

మరి జాతిహననం కానిదాన్ని ఆ పేపరులో ఎందుకు చదవాలి? దాని దారి ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే చదవాలి. బర్మాలో మనవాళ్లను 'కలా' అని ఈసడించారు. పరాయివాడు, నల్లోడు అనే తిట్టు అది. 1938 అల్లర్లలో అదే తిట్టు ముస్లింల మీద పడింది. 1982 పౌరసత్వ చట్టం రోహింగ్యాలను సొంత గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 2017 ఆగస్టు తరవాత 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అప్పుడూ వాళ్లను తిట్టిన మాట అదే! 2019 నవంబరులో గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతిహననం కేసు వేసింది. 2020 జనవరి 23న రోహింగ్యాలకు రక్షణ కల్పించమని ఆ కోర్టు మయన్మార్‌ను ఆదేశించింది. రువాండాలో 1994కు ముందే రేడియోలో, పత్రికల్లో టుట్సీలను బొద్దింకలన్నారు. తరవాత 100 రోజుల్లో లక్షల మందిని చంపారు. కత్తి కంటే ముందు మాట వస్తుంది. మనవాడు తిన్న తిట్టే హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యా కూడా తిన్నాడని తెలిస్తే, మన పిల్లవాడు అతన్ని చూసే చూపు మారదా?

చట్టం లేని దేశం

భారతదేశం ఆ ఒప్పందాన్ని 1959లో ఆమోదించింది. దానికి తగ్గ చట్టం మాత్రం చేయలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టు, జాతిహననం మన నేరచట్టంలో లేదనీ, ఈ లొసుగు తక్షణం పూడ్చాలనీ చెప్పింది. 2024 జులై 1న కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులోనూ ఆ నేరం లేదు!

ఒప్పందంలోని నాలుగు సమూహాల్లో కులం లేదు. 1985లో కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కులాన్ని ఆ నిర్వచనంలోకి తేవాలా వద్దా? ఇది క్లాసురూములో తేల్చుకోవాల్సిన చర్చ. క్లాసురూములో జరగని చర్చ వీధిలో కర్రలతో జరుగుతుంది.

'ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?' అంటారు. రేపు గ్రూప్స్ రాసి ఎమ్మార్వో, డీఎస్పీ అయ్యేది ఈ పిల్లలే. గుంపు ఊరి మీద పడిన రోజు ఫోనెత్తాల్సింది, ఎత్తకుండా ఉండేదీ వాళ్లే. వాళ్లకు ఈ చదువు అక్కర్లేదా? 'పాత గాయాలు కెలకొద్దు' అంటారు మరికొందరు. కెలకొద్దనేవాడు ఎప్పుడూ గాయం తగిలినవాడు కాదు.

అందుకే అడుగుతున్నాం. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పి.ఆర్. కాలేజీ, భీమవరం డి.ఎన్.ఆర్. కాలేజీ, 2006లో పుట్టిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం – వీటిలో ఏదో ఒకటి ముందుకు రావాలి. ఆర్మీనియా నుంచి రువాండా దాకా చదివించాలి. ప్రాజెక్టు పేరుతో ఇంటర్నెట్‌లో కాపీ కొట్టించకుండా కొరంగి, తాళ్లరేవు, యానాం వీధుల్లోకి పిల్లలను పంపాలి. 'మా తాత రంగం పోయాడు, మళ్లీ రాలేదు' అనే ఇళ్ల తలుపు తట్టించాలి. పెట్టెల్లో మిగిలిన ఉత్తరాలు, ఫొటోలు చెదపట్టకముందే సేకరించాలి.

లెక్చరర్లూ, విద్యార్థి సంఘాలూ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు ఈ డిమాండు పెట్టండి. జీతం తీసుకునే ఉద్యోగులు మీ ఊరి కాలేజీ లైబ్రరీకి ఒక్కో పుస్తకం కొనిపెట్టండి. కూలి అడిగినందుకు చచ్చినవాళ్లకు శిలాఫలకం లేదు. కనీసం సిలబస్‌లో ఒక పేజీ అయినా ఇవ్వాలి!