మౌనశిబిరమున ఒక ఉపాధ్యాయుడు

మా బోథ్ ప్రాంతమున ఉపాధ్యాయ మిత్రులు నలుగురు కూడినప్పుడెల్ల వేసవి సెలవుల ప్రసంగము వచ్చుట పరిపాటి. "ఈ సెలవులలో ఎచటికి పోవుచున్నారు?" అని అడిగినచో వెనుక తిరుపతికనియో, అత్తవారి ఊరికనియో ప్రత్యుత్తరము వచ్చెడిది. ఇప్పుడు ధ్యానశిబిరమునకని చెప్పువారు పెక్కుమంది యైనారు. కొందరు హైదరాబాదునకు సమీపమున నున్న కాన్హా శాంతివనమునకు పోవుదురు. కొందరు పది దినముల విపశ్యనకు పేరు నమోదు చేయించుకొందురు. పౌర్ణమినాటి అరుణాచల గిరిప్రదక్షిణమునకు పోవువారికి లెక్కయే లేదు. తిరిగి వచ్చినవారిని ఏమి తెచ్చితిరని అడిగినచో "శాంతి" అందురు. ఆ శాంతి జూన్ మాసమున బడి తెరచిన పిమ్మట ఎన్నాళ్లు నిలిచెనని అడుగుట మర్యాద కాదు గనుక ఎవరును అడుగరు.

నేను అడుగదలచినది ఆ ప్రశ్ననే. అయితే పరులను కాదు, నన్నే. 2016లో ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట మూడు సంవత్సరములలో మూడు చోట్లకు పోయి, కొన్ని దినములు వసించి వచ్చితిని. పోవునప్పుడు మనశ్శాంతి కొరకే పోయితినని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. లభించినది మాత్రము వేరు.

ఇట్టి యాత్రలను పరిహసించువారు కలరు. సంసారమును మోయలేక, విడువలేక, పది దినములు దాగికొని వచ్చుటయే యిది యని వారి యాక్షేపణ. అందులో కొంత నిజము లేకపోలేదు. కాని ఈ విడిది మనకు క్రొత్త కాదు. వానకాలమున మూడు మాసములు సంచారము మాని ఒకచోట నిలిచియుండవలెనని బౌద్ధ భిక్షువులకు నియమముండెడిది. మన ప్రక్కనున్న ధూళికట్టలోని స్తూపము శాతవాహనుల నాటిది. అట్టి చోట్ల తలదాచుకొన్నవారందరును పిరికివారని నేననలేను.

అంతేకాక, ఉపాధ్యాయుని విషయమున ఈ యాక్షేపణను నేను బొత్తిగా అంగీకరింపను. మా వృత్తిలో ఒక దోషము కలదు. వైద్యుడు రోగి చెప్పినది వినవలెను. వకీలు కక్షిదారు చెప్పినది వినవలెను. దర్జీ సైతము కొలత తీసికొనక గుడ్డ కత్తిరింపడు. మేము మాత్రము గంట మ్రోగగనే మాటలాడ మొదలిడి, మరల గంట మ్రోగువరకు మాటలాడుచునే యుందుము. ఎదుటనున్న నలువదిమందియు వినుటకు నిర్బంధింపబడినవారు. ముప్పది యేండ్లు ఇట్లు గడచినచో తన కంఠధ్వని తప్ప వేరొక ధ్వని చెవికి సోకని దశ వచ్చును. నాకా దశ వచ్చినదని నా ధర్మపత్ని నాకంటె ముందుగనే గ్రహించినది. విపశ్యన దరఖాస్తును పూరించినది నేనే గాని, పది దినములు మాటలాడరాదను నియమమును చదివి మిక్కిలి సంతోషించినది ఆమెయే.

2017లో నేను పోయిన కేంద్రము పేరు "ధమ్మఖేత్త". హైదరాబాదులో నాగార్జునసాగరు రహదారివైపు, వనస్థలిపుర ప్రాంతమున కలదు. ఈ పద్ధతిని మన దేశమున వ్యాపింపజేసిన సత్యనారాయణ గోయెంకాగారు 1924లో బర్మాలోని మాండలేలో జన్మించిన వర్తకులు. తీవ్రమైన శిరోవేదనకు చికిత్స వెదకుచు, 1955లో ఊ బా ఖిన్ అను గురువును ఆశ్రయించిరి. ఆ గురువు సన్న్యాసి కారు. స్వతంత్ర బర్మా ప్రభుత్వమున అకౌంటెంటు జనరలుగా పనిచేసిన గృహస్థు. జమాఖర్చులు చూచు ఉద్యోగులకు తమ కార్యాలయముననే ధ్యానము నేర్పినవారు. గోయెంకాగారు 1969లో భారతదేశమునకు వచ్చి శిబిరములు నడుపనారంభించి, 2013లో మరణించువరకు ఆ పనియందే యుండిరి. శిబిరమున రుసుము లేదు. పది దినములు పూర్తి చేసినవారు ఇచ్చు దానముతోనే తరువాత వచ్చువారికి అన్నము పెట్టుదురు. అనగా నేను తిన్న అన్నము ముఖమెరుగని ఎవరో పెట్టినది.

తెల్లవారుజామున నాలుగింటికి గంట మ్రోగును. ముప్పది యేండ్లు గంటకు బద్ధుడనై బ్రతికినవాడను గనుక అది నాకు కష్టము కాలేదు. దినమునకు దాదాపు పది గంటలు కూర్చుండుట, పదునొకండింటికి భోజనము, సాయంకాలము క్రొత్తవారికి తేనీరు, పండ్లు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపములు ఆర్పుట. పుస్తకము లేదు, కలము లేదు, ఫోను లేదు. మొదటి మూడు దినములు నాసికాద్వారమున వచ్చిపోవు శ్వాసను గమనించుట తప్ప వేరు పని లేదు. నాలుగవనాడు విపశ్యన నేర్పి, అటుపై దినమునకు మూడుసార్లు, గంటసేపు, కదలక మెదలక కూర్చుండుమందురు. నా నోరు మూతపడినది గాని, నా కుడి మోకాలు నాతో వాదమునకు దిగినది. అయిదవనాటికి ఆ వాదమున నేనే ఓడుచుంటిని.

ఆ అయిదవనాటి భోజనవేళ నా గ్లాసులో నీరు అయిపోయెను. నీటిపాత్ర నా ప్రక్కవాని కావలివైపున నుండెను. అతనిని అడుగరాదు, సైగ చేయరాదు, కన్నులెత్తి చూడనైనను రాదు. లేచి పోయి తెచ్చుకొనవచ్చును. నిజముగా అవసరమైనచో సేవకునికి మెల్లగా చెప్పుకొనవచ్చును. నియమము అంత నిర్దయమైనది కాదు. అయినను ముద్ద గొంతుకకు అడ్డుపడి, నీరు ఎదుట కనబడుచుండగా, "నీళ్లు" అను మాట నాలుక చివర నిలిచి పైకి రాని ఆ అర నిమిషము ఒక బాలుని తెచ్చి నా యెదుట నిలిపినది.

అది ముప్పది యేండ్ల క్రిందటి మాట. 1987లో అడవి అంచున నున్న ఒక పల్లె బడిలో మూడవ తరగతికి చెప్పుచుంటిని. గోండు గూడెము నుండి ఒక బాలుడు క్రొత్తగా చేరెను. ఎనిమిదేండ్లుండును. తెలుగు రాదు. చేరిన మొదటి వారముననే ఒకనాడు లేచి నిలిచి, బొటనవ్రేలిని నోటివైపు చూపుచు "ఏర్" అనెను. గోండిలో ఏర్ అనగా నీరు. నాకది తెలియదు. "ఏరా? ఏ ఏరురా? గోదావరియా, కడెమా?" అంటిని. తరగతి యంతయు విరగబడి నవ్వెను. మంచి చమత్కారము పలికితినని నేనును నవ్వితిని. వాని దాహము నాకు అర్థము కాలేదని చెప్పినచో అబద్ధమగును. వ్రేలు నోటినే చూపుచుండెను గదా! బాలుడు కూర్చుండెను. ఆ పిమ్మట వాడు తరగతిలో నోరు తెరవలేదు. హాజరు పిలిచినప్పుడు సైతము చేయి మాత్రమే ఎత్తెడివాడు. ఆ మౌనమును నేను మందబుద్ధి యని లెక్కించి, ప్రగతి పత్రమున అట్లే వ్రాసితిని. సంక్రాంతి సెలవుల తరువాత వాడు రాలేదు. ఎందుకు రాలేదని తెలిసికొనుటకు నేను గూడెమునకు పోలేదు.

శిబిరమున పాటించు మౌనమును "ఆర్యమౌనము" అందురు. దానిని నేను కోరి తెచ్చుకొంటిని, దరఖాస్తు పెట్టి, సంతకము చేసి. అది పదవనాటి ఉదయమున ముగియును. ముగిసిన వెంటనే ఎంత కోలాహలమనుకొన్నారు! అంతవరకు ఒకరినొకరు చూడని పెద్దమనుష్యులు చెట్ల క్రింద గుంపులు కట్టి, బడి విడిచిన పిల్లలవలె మాటలాడిరి. ప్రక్కగదివాడు బ్యాంకు ఉద్యోగి యని అప్పుడు తెలిసినది. నేనును మాటలాడితిని, బహుశః అందరికంటె ఎక్కువగా మాటలాడితిని. ఆ నడుమ ఒక క్షణము నోరు పెగలలేదు. ఆ బాలుని మౌనమునకు పదవ దినము రాలేదని తోచినది.

అచటి బోధ యేమనగా, శరీరమున పుట్టు ప్రతి వేదనను రాగద్వేషములు లేక చూడుము, అది పుట్టును, గిట్టును అని. మోకాలి విషయమున అది నిజమని ఏడవనాటికి అనుభవమునకు వచ్చినది. నొప్పి యుండెను గాని దానితో నాకు తగవు లేకపోయెను. ఆ బోధను ఆక్షేపించుట నా యుద్దేశము కాదు. పది దినములు కూర్చుండి దాని లోతును చూచితినని చెప్పుకొనుటయు హాస్యాస్పదమే. అయినను నాకు తోచినది చెప్పక తప్పదు. మోకాలి నొప్పి నాది. దానిని నేను సమభావముతో చూచుట న్యాయము. ఆ బాలుని ముఖమున కనబడిన వేదన నాది కాదు, వానిది. దానిని కూడ సమభావముతో చూచి, అణగిపోవుటకు వేచియుండుట నాకు న్యాయముగా తోచలేదు. మనస్సు నిలుకడ పొందినందువలన చేయవలసిన పని తీరదు. శిబిరములకు పోయి వచ్చినవారు "అన్నియు మరచిపోయితిమి" అని సంతోషముతో చెప్పినప్పుడు నాకు భయము వేయును. మరచుటకైనచో అంత దూరము పోనక్కరలేదు. నేను ముప్పది యేండ్లు ఇంటనుండియే మరచియుంటిని.

మరుసటి సంవత్సరము తిరువణ్ణామలైలోని రమణాశ్రమమునకు పోయితిని. తెలుగువారికి ఆ స్థలము పరాయిది కాదు. 1907లో ఆ మౌనస్వామికి రమణ మహర్షి యని పేరిడినవారు బొబ్బిలి సీమకు చెందిన కావ్యకంఠ గణపతిముని. చలముగారు 1950లో అచటికి చేరి, 1979లో మరణించువరకు అచ్చటనే యుండిరి. సూరి నాగమ్మగారు తమ అన్నగారికి వ్రాసిన లేఖలను చదివియే నాకు పోవలెనను కోరిక కలిగినది. మౌనమే బోధయని ప్రసిద్ధి కెక్కిన చోటు గనుక హాలులో ఒక మూల మౌనముగా కూర్చుంటిని. బయట నెమళ్లు అరచుచుండెను. అంతయు బాగుగనే యుండెను గాని, నన్ను పట్టుకొన్నది మౌనము కాదు. మహర్షుల మాతృభాష తమిళము. అయినను తెలుగువారు వచ్చినప్పుడు తెలుగున సంభాషించెడివారు. 1947లో నాగమ్మగారి కోరికపై "ఏకాత్మ పంచకము"ను మొదట తెలుగుననే రచించిరి. మాటతో పనిలేని మహనీయులు పరుల మాటను నేర్చిరి. మాటయే జీవనోపాధిగా గల నేను గోండుల నడుమ ఎనిమిది సంవత్సరములు ఉద్యోగము చేసి, వారి భాషలో పది పదములైనను నేర్వలేదు.

ఈ సంగతి తెలియుటకు అరుణాచలము వరకు పోవలసిన పనియు లేదు. మా ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోనే మార్లవాయి కలదు. 1940లో కొమురం భీము జోడేఘాట్‌లో మరణించిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు వచ్చిన హైమన్‌డార్ఫ్ ఆ గ్రామమున నివసించి, 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రమును నెలకొల్పించిరి. గోండి వాచకములను నాగరి లిపిలో సిద్ధపరచి, పిల్లలకు వారి యింటి మాటతోనే చదువు మొదలిడిరి. ఆయన వియెన్నా నగరమునుండి వచ్చినవారు. నేను ఉద్యోగమున చేరునాటికి ఆ ప్రయత్నము జరిగి నలువది యేండ్లు దాటినది. నా శిక్షణలో దానిని గూర్చి ఎవరును చెప్పలేదు. నేనును అడుగలేదు.

మూడవ యాత్ర 2019లో బాసరకు. అక్షరాభ్యాసముల సందడి అందరెరిగినదే. దీక్ష పూని, గోదావరిలో స్నానమాడి, ఊరిలో మధుకరము ఎత్తుకొని, పదునొకండో, ఇరువదియొకటో, నలువదియొకటో దినములు గడుపువారును అచట కనబడుదురు. నేను పదునొకండు దినములుంటిని. మౌనము కంటె యాచన కష్టము. మొదటినాడు ఒక యింటి వాకిట జోలెతో నిలిచితిని. ముప్పది యేండ్లు వేలకొలది పిల్లలను "చేయి చాపు" అని గద్దించినవాడను, నా చేయి చాపలేకపోయితిని. నోటినుండి మాట రాలేదు. ఆ యింటి యమ్మ లోపలినుండి చూచి, అన్నము తెచ్చి పెట్టెను. నా మాట కొరకు ఆమె ఎదురుచూడలేదు.

కనుక యువ ఉపాధ్యాయులు నన్ను అడిగినచో, పొండు అనియే చెప్పుదును. పది దినములు నోరు కట్టుకొనుట మన వృత్తివారికి మందు వంటిది. చదువుకొను విద్యార్థులు తొందరపడనక్కరలేదు. వారికి మాటలాడు అవకాశమే మనము చాలినంత ఇచ్చుట లేదు. అయితే గోడలు, గంటలు గల స్థలముననే తపస్సు జరుగునని భ్రమింపవలదు. ఏటేట మెస్రం వంశీయులు పాదరక్షలు లేక గోదావరి వరకు నడచి, కలశముతో జలము తెచ్చి, మఱ్ఱిచెట్ల క్రింద విడిసి, పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూర్ నాగోబాకు అభిషేకింతురు. మా ప్రాంతమున ఎముకలు కొరికెడి చలి దినములవి. ఆ నడకను మేము బడి రిజిష్టరులో "గైరుహాజరు" అని వ్రాసెడివారము. వారు అంత దూరమునుండి మోసి తెచ్చునదియు ఏర్ యే.

ఆ బాలుని జాడ నాకు దొరకలేదు. గూడెమునకు పోయితిని; ఆ కుటుంబము ఎప్పుడో తరలిపోయినదనిరి. ఇప్పుడు వాని వయస్సు నలువది దాటియుండును. సంతలో ఆ యీడు మనుష్యులను చూచినప్పుడెల్ల నేను తల త్రిప్పుకొనుట మానుకొంటిని. అంతవరకే సాధించినది.

మా వీధిలో గది అద్దెకు తీసికొని ఇంటర్మీడియట్ చదువుచున్న గోండు బాలిక యొకతె వారమునకు రెండు సాయంకాలములు నాకు తన భాష నేర్పుచున్నది. రోన్ అనగా ఇల్లు. నోటు పుస్తకమున ఎనుబది మాటలు చేరినవి. అరువది దాటినవాని నాలుక సులభముగా తిరుగదు. నేను పలుకగనే ఆమె నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వును. "అట్ల కాదు సారూ, మళ్ల అనుండ్రి" అనును. మరల అందును.